ఇద్దరు పెద్దలు ఉంటేనే మీటింగ్

గత జూన్‌లో ఒక శనివారం సాయంత్రం పద్నాలుగు మంది పిల్లలను మా స్కౌట్ ట్రూప్ మీటింగ్ మొదలుకాకముందే ఇళ్లకు పంపించేశాను. మెడలో స్కార్ఫులతో, చేతుల్లో తాళ్ల చుట్టలతో, ఆ రోజు రెండు కర్రలను తాడుతో అడ్డంగా కట్టే స్క్వేర్ లాషింగ్ నేర్చుకుంటామని వాళ్లు ఉత్సాహంగా వచ్చారు. కర్రలు ముందు రోజే తెప్పించి గోడకు ఆనించి ఉంచాను. అన్నీ సిద్ధంగా ఉన్నాయి కాని, నాతోపాటు ఉండవలసిన రెండో లీడర్ మాత్రం లేరు. ఇంట్లో ఎవరికో జ్వరమని ఆయన అరగంట ముందు ఫోన్ చేశారు. నమోదైన పెద్దలు ఇద్దరు లేకుండా ఏ కార్యక్రమమూ జరపరాదని ఏప్రిల్‌లో మా సంస్థ నుంచి సర్క్యులర్ వచ్చింది. పిల్లలకు విషయం చెప్పి, తల్లిదండ్రులకు కబురు పెట్టి, ఒక్కొక్కరినీ అప్పగిస్తూ పోగా చివరికి ఒక్క కుర్రవాడు మిగిలాడు. వాళ్ల నాన్నగారు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. ఒంటరిగా ఉన్న పిల్లవాడితో ఒక పెద్ద ఒక్కరే ఉండకూడదన్నది అదే సర్క్యులర్‌లోని మరో వాక్యం కాబట్టి, ఆవరణలో కూర్చోకుండా గేటు బయట, దారిన పోయే వారందరికీ కనిపించేలా ఇద్దరమూ నలభై నిమిషాలు నిలబడ్డాం. "మాస్టారూ, మనం తప్పేమైనా చేశామా?" అని వాడు అడిగాడు. లేదన్నాను, కాని ఆ క్షణంలో నాకే ఏదో శిక్ష వేసినట్టు అనిపించింది.

ఆ రాత్రి కోపంతో రాజీనామా ఉత్తరం రాయడం మొదలుపెట్టి రెండో పేరా దగ్గర ఆపేశాను. పన్నెండేళ్లుగా ఈ ట్రూప్‌ను చాలా వరకు ఒంటిచేత్తో నడిపిన మనిషిని. జీతం లేదు, అడిగింది లేదు. వారానికి ఒక సాయంత్రం, ఏడాదికి రెండు క్యాంపులు, నడుమ లెక్కలేనన్ని ఫోన్లు నా జీవితంలో భాగమైపోయాయి. అటువంటి వాణ్ని ఇప్పుడు మరొకరు పక్కన ఉంటే తప్ప నమ్మలేమని అంటున్నారన్నదే ఆ సర్క్యులర్ చదివినప్పుడు నాకు తోచిన అర్థం. అది పొరపాటు అర్థమని తెలియడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ ఆలస్యంలో కొంత తప్పు నాదైతే, కొంత ఆ కాగితం రాసినవారిది.

నియమం ఎక్కడినుంచి వచ్చిందో ఆ కాగితంలో ఒక్క మాట లేదు. ఉండవలసింది. అమెరికాలోని బాయ్ స్కౌట్స్ సంస్థ, పిల్లలపై అకృత్యాలకు పాల్పడ్డారన్న ఆరోపణలున్న లీడర్ల వివరాలను దశాబ్దాల పాటు తన దగ్గరే ఫైళ్లలో దాచుకుంది. ఒరెగాన్ రాష్ట్ర న్యాయస్థానం ఆదేశంతో 2012లో వాటిలో వెయ్యికి పైగా ఫైళ్లు బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరవలసి వచ్చింది, ఆ ప్రక్రియలో 80 వేలకు మించి బాధితులు తమ ఫిర్యాదులను నమోదు చేసుకున్నారు. ఆ సంఖ్యను మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి కాసేపు వరండాలో పచార్లు చేశాను. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఒకప్పుడు మెడలో స్కార్ఫు కట్టుకుని, "స్కౌట్ నమ్మదగినవాడు" అన్న నియమాన్ని వల్లించినవారే. నమ్మకం మీద నడిచే చోటే నమ్మకాన్ని అడ్డుపెట్టుకోవడం తేలిక. ఇద్దరు పెద్దలు ఉండాలన్న నియమం ఆ సంస్థలో 1980ల నాటికే ఉన్నా, 2018 అక్టోబర్ నుంచి దాన్ని బిగించి, 21 ఏళ్లు నిండిన నమోదిత లీడర్లు ఇద్దరు వారం వారం జరిగే మీటింగులతో సహా ప్రతిచోటా ఉండాలన్నారు. ప్రపంచ స్కౌట్ సంస్థ కూడా జాంబోరీకి, అంటే దేశదేశాల స్కౌట్లు కలిసే పెద్ద క్యాంపుకు, వచ్చే పెద్దలందరూ పిల్లల భద్రతపై శిక్షణ పూర్తి చేసి తీరాలని షరతు పెట్టింది. బ్రిటన్‌లోనైతే ఈ ప్రవర్తనా నియమావళిని జేబులో పట్టే పసుపు కార్డు మీద అచ్చువేసి ప్రతి వాలంటీరుకూ ఇస్తారు. ఈ మూడు సంగతులూ రెండు పేరాల్లో రాసి మా సర్క్యులర్‌కు జతచేసి ఉంటే, నా రాజీనామా ఉత్తరం మొదటి వాక్యం కూడా దాటి ఉండేది కాదు.

మారిన పద్ధతి నాకు నిజంగా అర్థమైంది మాత్రం చదివినప్పుడు కాదు, ఒక రాత్రి క్యాంపులో. పదేళ్ల కిందట ఒక కుర్రవాడు రాత్రి రెండింటికి కడుపునొప్పంటూ ఏడుస్తూ నా టెంట్ దగ్గరకు వస్తే, వాణ్ని లోపల కూర్చోబెట్టి, వేడినీళ్లు తాగించి, నిద్రపట్టే దాకా కబుర్లు చెప్పాను. అది ఆప్యాయత తప్ప మరొకటి కాదని నాకు తెలుసు, వాడికీ తెలుసు. అయితే ఆ టెంట్‌లో నా స్థానంలో మరో రకం మనిషి ఉండి ఉంటే, బయటినుంచి చూసేవాళ్లకు ఆ రెండు దృశ్యాల మధ్య తేడా ఏమాత్రం కనిపించేది కాదన్న సంగతి నాకు అప్పట్లో తట్టనే లేదు. నిరుడు శీతాకాలపు క్యాంపులో సరిగ్గా అలాగే మరో పిల్లవాడు వచ్చాడు. ఈసారి నేనే టెంట్‌లోంచి బయటికి వచ్చి, పక్క టెంట్‌లోని లీడరమ్మను లేపి, లాంతరు వెలిగించి, ముగ్గురం ఆరుబయట టార్పాలిన్ మీద కూర్చున్నాం. నేను మందుల పెట్టె వెతుకుతూ ఉంటే ఆవిడ వాణ్ని రెండు ప్రశ్నలు అడిగి, "నొప్పి కడుపులో కాదు మాస్టారూ, ఇల్లు గుర్తొచ్చింది" అన్నారు. వాడు ముక్కు చీదుకుంటూ తల ఊపాడు. వాడికి దక్కవలసిన ఓదార్పులో ఏ లోటూ రాలేదు సరికదా, నేనొక్కణ్ణే ఉంటే గుర్తించలేకపోయేవాణ్ని కూడా. ఆ తర్వాతి నుంచి రెండో లీడర్‌ను నా మీద కాపలాగా అనుకోవడం మానేశాను.

నియమాలు మారడం ఈ ఉద్యమానికి కొత్త కాదు. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ ద్వీపంలో ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇరవై మంది అబ్బాయిలతో ప్రయోగాత్మకంగా క్యాంపు పెట్టినప్పుడు ఇంత పెద్ద నియమావళి లేనేలేదు. మరుసటి ఏడు అచ్చయిన స్కౌట్ నియమాలు తొమ్మిదే, పదోది కొన్నేళ్ల తర్వాత చేరింది. అమ్మాయిలకు చోటు ఉంటుందని ఎవరూ అనకపోయినా 1909లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర జరిగిన స్కౌట్ల ర్యాలీకి వాళ్లే యూనిఫాం కుట్టించుకుని వచ్చి నిలబడ్డారు, ఆ మరుసటి ఏడాది గైడ్ల సంస్థ పుట్టింది. అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే సంస్థలో ఉండవచ్చునా అన్న ప్రశ్న ఆ తర్వాత ఒక్కో దేశంలో ఒక్కో కాలంలో తేలింది. అమెరికాలో అమ్మాయిల స్కౌట్ ట్రూపులు మొదలైంది 2019లోనే. బ్రిటన్‌లో స్కౌటింగ్‌లో మార్పులు సూచించిన 1966 నివేదిక కారణంగా నిక్కర్లు పోయి ప్యాంట్లు వచ్చాయి, ప్రతిజ్ఞ మాటలు మారాయి, పాతదే కావాలన్నవాళ్లు 1970లో విడిపోయి వేరే సంఘమే పెట్టుకున్నారు. నిక్కరు కోసం ఉద్యమం చీలుతుందా అని నవ్వు వస్తుంది కాని, చీలింది నిక్కరు కోసం మాత్రమే కాదు. తమను అడగకుండా పై నుంచి మార్చారన్న బాధ ఆ నిక్కరు వెనక ఉంది. 2014 నుంచి అదే దేశంలో దేవుడి ప్రస్తావన లేని ప్రతిజ్ఞ కూడా చేయవచ్చన్నప్పుడు అంత గొడవ కాలేదు, ఎందుకంటే ముందుగా సభ్యుల అభిప్రాయం అడిగారు, పాత ప్రతిజ్ఞనూ ఉంచారు.

వాలంటీర్లు నియమాలకు విసిగిపోవడం చాలావరకు ఈ అడగకపోవడం వల్లనే. మా దగ్గర నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవారైన ఒక స్కౌట్ మాస్టర్ ఉండేవారు. కళ్లు మూసుకుని బోలైన్ ముడి వేయగలిగేవారు, మబ్బును చూసి గంటలో వాన పడుతుందో లేదో చెప్పగలిగేవారు. కొత్త పద్ధతిలో ఆన్‌లైన్ శిక్షణ మాడ్యూళ్లు పూర్తి చేయకపోతే నమోదు రద్దవుతుందన్న సందేశం ఆయన ఫోన్‌కు మూడుసార్లు వచ్చింది. పాస్‌వర్డ్ పెట్టుకోవడం దగ్గరే ఆయన ఆగిపోయారు. సహాయం చేస్తామన్న ఫోన్ ఒక్కటీ రాలేదు, గడువు ముగిసిందన్న మెయిల్ మాత్రం ఠంచనుగా వచ్చింది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే మాడ్యూళ్లన్నీ ఒక మధ్యాహ్నంలో అయిపోయి ఉండేవి. ఆలస్యంగా తెలిసింది, అప్పటికే ఆయన విజిల్ తీసి మేకుకు తగిలించేశారు. ఆ శిక్షణలోని విషయంతో ఆయనకు ఏ పేచీ లేదు. "చెప్పేదంతా సబబే, నాకు చెప్పిన తీరే బాగా లేదు" అన్నారు. నియమం తప్పనిసరి కావడం ఒక సంగతి, దాన్ని పాటించేలా మనిషిని చేయి పట్టుకుని నడిపించడం మరో సంగతి. మొదటిదానికి సంతకం చాలు, రెండోదానికి ఒక మధ్యాహ్నం ఖర్చవుతుంది. సంస్థలు ఎక్కువగా మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి.

ఇక రెండో లీడర్ కోసం వెతకడమన్నది అసలు పని. సర్క్యులర్ వచ్చాక తల్లిదండ్రుల సమావేశం పెట్టి, నెలకు ఒక్క శనివారం ఇస్తే చాలని అడిగాను. ఏడుగురు చేతులెత్తారు. వారి గత చరిత్ర తనిఖీ, శిక్షణ, నమోదు పూర్తయ్యేసరికి ఐదుగురు మిగిలారు, అది చాలు. అయితే ఈ ఐదుగురితోపాటు నేను ఊహించని చిక్కు ఒకటి వచ్చింది. స్కౌటింగ్ అంతా పెట్రోల్ పద్ధతి మీద నడుస్తుంది. మనకు ఆ మాట వినగానే బండిలో పోసేది గుర్తొస్తుంది గాని, ట్రూప్‌లో పెట్రోల్ అంటే ఆరేడుగురు పిల్లల జట్టు, దానికి వాళ్లలోంచే ఒక పెట్రోల్ లీడర్. బ్రౌన్‌సీలో కూడా పిల్లలు తోడేళ్లు, ఆంబోతులు, కర్ల్యూ పక్షులు, కాకుల జాతి రేవెన్లు అన్న పేర్లతో నాలుగు పెట్రోళ్లుగానే ఉన్నారు. పని నేర్పేది, పంచేది, తప్పు జరిగితే దిద్దేది ఆ పిల్ల నాయకులే, పెద్దవాళ్ల పని వాళ్లకు చోటు వదలడం. ఒకే లీడర్ ఉన్నప్పుడు ఆ చోటు దానంతటదే ఏర్పడేది, ఎందుకంటే నేను అన్ని పెట్రోళ్ల దగ్గరా ఒకేసారి ఉండలేను. ఇద్దరు ముగ్గురు పెద్దలు వచ్చేసరికి ఆ ఖాళీ కాస్తా పూడిపోయింది.

వాయిదా పడ్డ ఆ లాషింగ్ పాఠం రోజున నేను కళ్లారా చూశాను. పదమూడేళ్ల పెట్రోల్ లీడర్ అమ్మాయి తన జట్టుకు రెండు కర్రలను అడ్డంగా నిలువుగా పట్టించి, మొదట నిలువు కర్రకు క్లోవ్ హిచ్ ముడి వేయించి, తాడును మూడు చుట్లు తిప్పించింది. తర్వాత ఆ చుట్ల నడుమ బిగించే ఫ్రాపింగ్ దగ్గర ఒక చిన్నవాడు తాడును తప్పు వైపు లాగాడు, ముడి అంతా వదులైపోయింది. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపే కొత్తగా చేరిన ఒక తండ్రి ముందుకు వంగి, తాడు అందుకుని, అర నిమిషంలో చక్కగా బిగించి, "ఇదిగో, ఇలా" అన్నారు. మంచి ముడి, వంక పెట్టలేం. అమ్మాయి మాత్రం రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుంది, మిగతా పిల్లలు ఆయన వైపు తిరిగారు. పెట్రోల్ లీడర్ ఆమె కాదు, ఆయన అయిపోయారు. మీటింగ్ అయ్యాక ఆయనను పక్కకు తీసుకెళ్లి చెప్పాను. మొదట నొచ్చుకున్నారు. "మరి నేను వచ్చి చేసేదేముంది మాస్టారూ?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది, ఎందుకంటే మా శిక్షణ మాడ్యూళ్లలో చేయకూడనివి పదహారు ఉన్నాయి, చేయవలసింది మాత్రం ఎక్కడా సరిగా లేదు.

1919లో లండన్ దగ్గరి గిల్వెల్ పార్కులో లీడర్లకు వుడ్ బ్యాడ్జ్ శిక్షణ మొదలుపెట్టినప్పుడు పెద్దలనే పెట్రోళ్లుగా విడగొట్టి, వాళ్లలో ఒకరిని నాయకుడిగా పెట్టి, టెంట్లలో ఉంచారు. ఆ పద్ధతి ఈనాటికీ సాగుతోంది. ఉపన్యాసం చెబితే ఎక్కని విషయం, తన ముడిని మరొకరు లాక్కున్నప్పుడు ఇట్టే ఎక్కుతుంది. నాకు అంత ఏర్పాటు లేదు కాబట్టి, మా ఐదుగురు పెద్దలతో ఒక ఆదివారం ఉదయం అదే లాషింగ్ చేయించాను. ఒకావిడను పెట్రోల్ లీడర్‌గా పెట్టి, ఆవిడ వివరిస్తున్న ప్రతిసారీ నేను కావాలని మధ్యలో దూరి ముడి సరిచేశాను. మూడోసారికి ఆవిడకు నిజంగానే కోపం వచ్చింది, అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ తండ్రిగారే. అప్పటినుంచి మాకు రాతలో లేని నియమం ఒకటి ఏర్పడింది. పెద్దల స్టూళ్లు పెట్రోళ్లకు పది అడుగుల దూరంలో ఉంటాయి, ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉంటే తప్ప, లేదా పెట్రోల్ లీడర్ తానుగా పిలిస్తే తప్ప ఎవరూ స్టూల్ మీదనుంచి లేవరు. చూపు పిల్లల మీదే ఉండాలి, చేయి మాత్రం తాడు మీద పడకూడదు. చూసేవాళ్లకు వాళ్లు ఊరికే కూర్చున్నట్టే ఉంటుంది, కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది అది ఎంత కష్టమో.

ఫోన్ సందేశాల నియమం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పిల్లలకు లీడర్లు విడిగా సందేశాలు పంపకూడదు, గ్రూపులో మరో పెద్ద కూడా ఉండాలి. మొదట్లో పెట్రోల్ లీడర్లు నాకు నేరుగా రాసేవారు, ఇప్పుడు రెండో లీడర్‌ను కూడా చేర్చిన గ్రూపులో రాస్తున్నారు, అంతే తేడా.

వచ్చే నెల రిజిస్టర్ నిన్న రాత్రి గీశాను. ఎడమ వైపు శనివారాల తేదీలు, కుడి వైపు ఇద్దరు పెద్దల పేర్లకు రెండు గడులు. మొదటి గడిలో అన్నిచోట్లా నా పేరే ఉండేది, ఈసారి రెండు వారాలు నా పేరు లేదు. మూడో శనివారం రెండో గడి మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. విజిల్ మేకుకు తగిలించిన ఆ పెద్దాయనకు ఈ సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని వస్తున్నానని ఫోన్ చేశాను. వద్దనలేదు.