వాడపల్లి రేవులో ఆల్చిప్పలు

మిర్యాలగూడ దాటి, దామరచర్ల మీదుగా వాడపల్లి చేరేసరికి ఎనిమిదయింది. వచ్చినవాళ్లు ముందు గుడికి పోతారు. మేం చెప్పులు చేతపట్టుకుని నేరుగా రేవులోకి దిగాం. బావ చేతిలో ప్లాస్టిక్ డబ్బా, నా చేతిలో ఇడ్లీ పొట్లం.

బావ వైజాగ్‌లో జువాలజీ చదివాడు. అక్కడ సముద్రపు రాళ్ల మీద ఆల్చిప్పలు గీకి తెచ్చి, వాటి కండలో సీసం, కాడ్మియం, రాగి ఎంతుందో కొలిచేవాడు.

"నీళ్లే సీసాలో పట్టి కొలవచ్చు గదా బావా?"

"సీసా ఆ పూట సంగతే చెప్తది. రాత్రి వదిలింది పొద్దుటికి కొట్టుకపోతది. చిప్ప నీళ్లు వడకట్టుకుని బతుకుతది గదా, నెలల తరబడి లోహం దాని ఒంట్లోనే పేరుకుంటది."

1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త దీన్నే 'మసెల్ వాచ్', అంటే ఆల్చిప్పల కాపలా, అన్నాడు. 1986 నుంచి అమెరికా తన తీరాన్ని ఇలాగే పరీక్షిస్తోంది. రాతిని పట్టుకున్న జీవి ఎటూ పోదు, దాని ఒంట్లో ఉన్నది అక్కడి లెక్కే. అలాగని ఒకచోట ఆల్చిప్పను, ఇంకోచోట బార్నకిల్‌ను (సముద్రపు రాళ్లకు అతుక్కుని బతికే చిన్న గుల్లజీవి) కొలిచి పోల్చకూడదట. దొరికిన జింకునంతా ఒంట్లో కూడబెట్టుకోవడంలో బార్నకిల్ పరమ పిసినారి.

మన నల్లగొండకు సముద్రమెక్కడిది? మూసీ ఉంది. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చి ఇక్కడే కృష్ణలో కలుస్తుంది.

ఏటి ఆల్చిప్ప రాయిని పట్టుకోదు, ఇసుకలో సగం కూరుకుని ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో పాదాలతో తడమాలి. కృష్ణ వైపు గంటలో పదకొండు దొరికాయి. మూసీ వైపు రెండు గంటలు తిరిగినా ఖాళీ చిప్పలే. "విషానికే చచ్చినయి" అన్నాను. బావ ఒప్పుకోడే! వరద కావచ్చు, ఇసుక తవ్వకం కావచ్చు అంటాడు. చదువుకున్నోళ్లతో ఇదే గోల, తృప్తిగా తిట్టనివ్వరు.

ఆత్రం ఆగక జేబులోని చాకుతో ఒకదాన్ని తెరిచాను. నల్లటి పెంకు లోపల ముత్యపు మెరుపు, లేతపసుపు కండ, ఆకుల్లాంటి మొప్పలు, వాటి మీద సన్నటి బురద. బావ తల పట్టుకున్నాడు. స్టీలు చాకులోని క్రోమియం, నికెల్ కూడా లెక్కలో కలుస్తాయట. కడుపులో బురద పోయేదాకా ఒకరోజు మంచినీళ్లలో ఉంచి, ప్లాస్టిక్ కత్తితో కోయాలట. మిగిలిన పదింటికీ స్కేలు పెట్టి, ఒకే సైజువి ఆరు ఏరి, తక్కినవి నీళ్లలో వదిలేశాడు.

బట్టలుతుకుతున్న ఒకామె చాలాసేపట్నుంచి చూస్తోంది. "కూరకా సారూ? మూసీ దిక్కువైతే తినకుండ్రి."

తర్వాత నరసింహస్వామి గుడికి పోయాం. స్వామి శ్వాసకు దీపం కదులుతుందంటారు. అది మాత్రం కొలుద్దామనలేదు బావ, దండం పెట్టుకున్నాడు.

ఆరు చిప్పలూ బావతో పోయాయి. నేను పాడుచేసినదాని పెంకు ఇంటికి తెచ్చాను. "ఇంకోటి తేకపోతివి" అంటూ అమ్మ దాని వీపును గడపరాయి మీద అరగదీసి బెజ్జం చేసింది, మామిడికాయ చెక్కు తీయడానికి.