ఏరిచే: గుడి రాళ్ల మీద నిలిచిన కొండ ఊరు

ఇటలీలోని సిసిలీ దీవి పడమటి కొసన, ట్రాపనీ పట్నం వెనకే నిటారుగా లేచిన కొండ మీద 751 మీటర్ల ఎత్తున ఉంది ఏరిచే. కింది నుంచి కేబుల్ కార్ పది నిమిషాల్లో పైకి చేరుస్తుంది. కాకపోతే గాలి కాస్త గట్టిగా వీచిందంటే ఆపేస్తారు. సోమవారం పొద్దున మరమ్మతులకని మూసి ఉంచడమూ మామూలే. అందుకే ఎక్కే ముందే బస్సు వేళలు రాసి పెట్టుకున్నాం. స్వెట్టర్ తప్పనిసరి. కింద ఎండ మండుతుంటే పైన మబ్బు పట్టి ఉండొచ్చు. సముద్రపు తేమ గాలి కొండకు తగిలి పైకెక్కి చల్లబడుతుంది, ఊరు మొత్తం మంచులో మునుగుతుంది. ఈ కొండ మీద ఒకప్పుడు గుడి ఉన్న దేవత వీనస్ పేరు మీద, స్థానికులు దాన్ని వీనస్ ముద్దులు అంటారు.

పోర్తా ట్రాపనీ ద్వారం దాటాక జనమంతా నేరుగా పెద్ద వీధి పట్టుకుని ఎక్కేస్తారు. మేం ఎడమకు తిరిగాం. నాలుగడుగుల్లోనే పెద్ద చర్చి. 1314లో అరగాన్ వంశపు రాజు ఫ్రెడరిక్ కట్టించినది. పాత వీనస్ గుడి రాళ్లే ఇక్కడికి తెచ్చారని చెబుతారు; దక్షిణం గోడలో పొదిగిన తొమ్మిది శిలువలూ ఆ గుడివేనట. గంటల గోపురం చర్చికి అంటుకోకుండా విడిగా నిలబడి ఉంటుంది, ఎందుకంటే ముందు అది కావలి బురుజు. లోపలి పనితనం చూసి మధ్యయుగం అనుకోకండి, 1865లో తిరిగి చేసినది.

అక్కణ్ణుంచి కోటగోడ వెంబడి పోర్తా కార్మినే మీదుగా పోర్తా స్పాదా దాకా నడవాలి. ఏరిచేలో నాకు అన్నిటికన్నా విలువైనది ఈ నడకే. కొనుగోళ్ల హడావుడిలో చాలామంది దీన్ని వదిలేస్తారు. గోడను కింది నుంచి పైకి చదవాలి. అడుగు వరసల్లో సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద బండలు: ఈ కొండను మొదట ఏలిన ఎలిమియన్లవీ, తర్వాత వచ్చిన కార్తేజ్ (ఉత్తర ఆఫ్రికా తీరాన ఫినీషియన్లు కట్టిన నగరం) వాళ్లవీ. పైకి పోయేకొద్దీ రాయి చిన్నదవుతుంది, సున్నం కనిపిస్తుంది. అవి తర్వాతి కాలాల మరమ్మతులు. కొన్ని బండల మీద బేత్, ఐన్, పే అనే ఫినీషియన్ అక్షరాలు చెక్కి ఉన్నాయి. నడినెత్తిన ఎండ ఉంటే గీతలు ఆనవు. పొద్దు వాలాక వెలుగు ఏటవాలుగా పడ్డప్పుడు వెతకండి. నాచు పట్టిన రాయిని గోకొద్దు.

ఊరికి ఆగ్నేయ మూలన, కొండ అంచున వీనస్ కోట. 12వ శతాబ్దంలో నార్మన్లు గుడి స్థలంలోనే కట్టారు. నిలువెత్తు స్తంభాలు ఉంటాయని వెళ్తే నిరాశే: ఒక బావి, కొన్ని స్తంభాల ముక్కలు, పునాది గోడ, అంతే. గుడి ఎలా ఉండేదో రాళ్లకన్నా ఒక నాణెం బాగా చెబుతుంది. క్రీ.పూ. 57లో నాణేల అధికారి కాన్సిడియస్ నోనియానస్ వేయించిన రోమన్ వెండి దెనారియస్ మీద కొండ, చుట్టూ ప్రాకారం, శిఖరాన గుడి ఉన్నాయి.

ఇక్కడి దేవత ఫినీషియన్లకు అస్తార్తే, గ్రీకులకు అఫ్రొదితే, రోమన్లకు వీనస్. కార్తేజ్ సేనాని హన్నిబాల్ చేతిలో ట్రాసిమీన్ సరస్సు దగ్గర చావుదెబ్బ తిన్న రోమ్, క్రీ.పూ. 217లో ఈ దేవతకే తన నగరంలోని కాపిటోల్ కొండ మీద గుడి కడతామని మొక్కుకుంది. అంతకు రెండు వందల ఏళ్ల ముందు, దగ్గర్లోని సెజెస్టా నగరం వాళ్లు యుద్ధంలో సాయం కోరుతూ ఏథెన్స్ దూతలను ఇక్కడికి తెచ్చి గుడిలోని పాత్రలు చూపించి, తాము మహా ధనికులమని నమ్మించారు. అవన్నీ వెండివి, చూపుకే గొప్ప. ఆ మాట నమ్మిన ఏథెన్స్ క్రీ.పూ. 415లో సిసిలీ మీదికి నౌకాదళాన్ని పంపింది. సైన్యం వచ్చాక తేలిన సొమ్ము ముప్పై టాలెంట్లే (టాలెంట్ అంటే అప్పటి తూకపు కొలత).

కోట పక్కన బాలియో తోట నుంచి ట్రాపనీ ఉప్పు మడులూ ఎగాది దీవులూ కనిపిస్తాయి, మబ్బు లేకపోతే.

వీధుల్లో చదును పలకలతో గళ్లు కట్టి మధ్యలో చిన్న రాళ్లు పొదిగారు. తరాల నడకకు నునుపెక్కాయి, మంచు పడితే జారుతుంది; రబ్బరు అడుగు బూట్లే వేసుకోండి. మిఠాయిల్లో జెనొవేజే తినాల్సిందే. కరకరలాడే పిండి గుల్లలో కస్టర్డ్ నింపి, పైన పంచదార పొడి చల్లుతారు. పొయ్యి మీంచి తీసినది పైకి ఆరినట్టే ఉండి లోపల నాలుక కాలుస్తుంది, చిన్నగా కొరకండి. కస్టర్డ్‌లో గుడ్డు సొన ఉంటుంది. అది పనికిరాని వాళ్లు బాదం మిఠాయిలవైపు చూడొచ్చు, వాటిలోనూ కొన్నిటికి గుడ్డు తెల్లసొన వాడతారు కాబట్టి అడిగి తీసుకోవాలి.