రెక్కలు తీసేసినా డ్రాగన్ డ్రాగనే

డ్రాగన్ అనే మాటకూ మన దర్శనం అనే మాటకూ మూలం ఒకటే. గ్రీకు భాషలో ద్రాకోన్ అంటే పెద్ద పాము. తేరిపార చూడటం అనే అర్థమున్న దెర్కొమయ్ అనే క్రియ నుంచి ఆ పేరు పుట్టిందని భాషావేత్తలు చెబుతారు. మన దృశ్ ధాతువు దానికి తోబుట్టువు. పేరు పెట్టినవాళ్లను పట్టుకున్నది ఆ జంతువు చూపన్నమాట. పాముకు కదిలే రెప్పలుండవు. కంటిమీద అద్దంలాంటి పొర ఒకటి కప్పి ఉంటుంది, అంతే. నిద్రపోతున్నా మనవైపే చూస్తున్నట్టు ఉంటుంది. అలాంటి ప్రాణికి కథలు అప్పగించిన పని కాపలా.

గ్రీకు కథల్లో కొల్కిస్ అనే దేశంలో బంగారు ఉన్నిని కాచేది కన్ను మూయని పాము. హెస్పెరిదులనే దేవకన్యల తోటలో బంగారు ఆపిల్ చెట్టుకు కావలి లాదోన్ అనే పాము. డెల్ఫీలో అపోలో చంపిన సర్పం ఉండేది ఒక ఊట పక్కన. మన ఊళ్లలో లంకెబిందెల మీద నాగుపాము కూర్చుని ఉంటుందనే నమ్మకమూ ఈ కోవలోదే. నాగమణి సంగతీ అంతే. డ్రాగన్ మెదడులో ఒక రాయి ఉంటుందనీ, బతికుండగా తల నరికి తీస్తే తప్ప అది రత్నం కాదనీ 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

అందుకే ఒక బొమ్మనో కథనో ముందు పెట్టుకుని ఇది డ్రాగనా కాదా అని తేల్చాలంటే రెండు విషయాలు చూస్తే చాలంటాను. ఒకటి, ఒళ్లు పాముదై ఉండాలి, మామూలు పాముకు లేనిదేదో దానికి తోడై ఉండాలి: ఎక్కువ తలలో, కొమ్ములో, గోళ్లో, కొండంత పరిమాణమో. రెండు, మనుషులకు కావలసినదేదో దాని అదుపులో ఉండాలి: నీళ్లు, బంగారం, రత్నం, దారి. గ్రిఫిన్ బంగారాన్ని కాస్తుంది, కానీ ఒళ్లు సింహానిది, తల గద్దది. అది డ్రాగన్ కాదు. కొండచిలువ ఎంత పొడవున్నా దేన్నీ పట్టి ఉంచుకోదు. అదీ కాదు. రెక్కలు, నిప్పు, కాళ్లు మాత్రం దేశాన్ని బట్టీ కాలాన్ని బట్టీ వచ్చిపోయేవి.

ఈ కొలతకు సరిగ్గా సరిపోయే పాత ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఋగ్వేదం మొదటి మండలం 32వ సూక్తంలో ఇంద్రుడు చంపిన వృత్రుడికి అహి అని పేరు, అంటే పాము. కాళ్లూ చేతులూ లేనివాడని (అపాద్, అహస్తః) ఆ సూక్తమే చెబుతుంది. కొండమీద పడుకుని నీళ్లను అడ్డగిస్తాడు. వజ్రాయుధం తగలగానే, అంబా అంటూ పరుగెత్తే ఆవుల్లా నీళ్లు సముద్రానికి దిగుతాయి. రెక్క లేదు, నిప్పు లేదు. అయినా డ్రాగన్ కథకు కావలసిన ఎముకలన్నీ అక్కడున్నాయి. ఆ అహి అనే మాటే ఇరాన్ పాత మతగ్రంథం అవెస్తాలో అజి అయింది. మూడు నోళ్లు, మూడు తలలు, ఆరు కళ్లు ఉన్న అజి దహాక పేరులోనే, పర్షియన్ భాషలో డ్రాగన్‌కున్న అజ్దహా అనే మాట ఉంది. తరవాత పురాణాల్లో వృత్రుడు మాట్లాడే, భక్తి ఉన్న అసురుడైపోయాడు. ఆ రూపాన్ని పట్టుకుని వెతికితే పాము కనిపించదు. అందుకే వేదంలోని వృత్రుణ్ణీ పురాణంలోని వృత్రుణ్ణీ విడివిడిగా చదవాలి.

చైనా డ్రాగన్ లోంగ్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగులో బొమ్మలు వేసేవాళ్లు తప్పులు చేసేది ఎక్కువగా ఇక్కడే. లోంగ్ ఒంటికి సోంగ్ వంశకాలం నుంచి ఒక లెక్క ఉంది, తొమ్మిది పోలికలని. కొమ్ములు జింకవి, తల ఒంటెది, కళ్లు దయ్యానివి, మెడ పాముది, పొట్ట పెద్ద ఆలిచిప్పది, పొలుసులు కార్ప్ చేపవి, గోళ్లు గద్దవి, పంజాలు పులివి, చెవులు ఎద్దువి. కొన్ని పాఠాల్లో కళ్లు కుందేలువి. ఇన్ని జంతువులను కలిపినా అన్నిటినీ మోసే మెడా నడుమూ పామువే. గీసేటప్పుడు ముందు పాము మెలికను ఒకే గీతలో లాగి, ఆ తరవాత అవయవాలు తగిలించాలి. కాళ్లతో మొదలుపెడితే మొసలి తయారవుతుంది.

పొలుసులకూ లెక్కుంది. ఒక సంప్రదాయం 81 అంటుంది, తొమ్మిది తొమ్మిదులు. ఇంకొకటి 117 అంటుంది: 81 యాంగ్ (వెలుగు వైపు) పొలుసులు, 36 యిన్ (నీడ వైపు) పొలుసులు. గొంతు కింద మాత్రం పొలుసులు ఎదురు తిరిగి ఉంటాయి. క్రీ.పూ. 3వ శతాబ్దపు చైనా తత్వవేత్త హాన్ ఫెయ్ ఆ చోటును ఒక చీ పొడవన్నాడు, అప్పటి కొలతలో సుమారు 23 సెంటీమీటర్లు. లోంగ్‌ను మచ్చిక చేసి దానిమీద ఎక్కి తిరగొచ్చు, కానీ ఆ చోట చెయ్యి తగిలిందా ప్రాణం పోతుంది. రాజుతో మాట్లాడేవాడికి హెచ్చరికగా ఆయన ఈ పోలిక తెచ్చాడు.

గోళ్లను తప్పకుండా లెక్కపెట్టండి. యువాన్ వంశకాలం నుంచి అయిదు గోళ్ల లోంగ్ మీద చక్రవర్తి హక్కు బిగుసుకుంటూ వచ్చింది. మింగ్, చింగ్ కాలాల్లో నాలుగు గోళ్లదాన్ని లోంగ్ అనకుండా మాంగ్ అన్నారు, కొలువులోని పెద్దల వస్త్రాల మీద అది ఉండేది. జపాన్ చిత్రాల్లో సాధారణంగా మూడే. బొమ్మ ఎక్కడిదో తెలియనప్పుడు నేను మొదట చూసేది పాదాన్నే. ఇది నమ్మదగ్గ సూచనే కానీ తుది తీర్పు కాదు. గోళ్ల సంఖ్య కాలంతో మారింది, నియమం దాటినవాళ్లూ ఉన్నారు.

రెక్కల్లేకుండా ఎగురుతుంది కదా అంటే, చైనావాళ్లు దానికీ జవాబు చెప్పుకున్నారు. నెత్తిమీద చీ-మూ అని చైనీయంలో పిలిచే బుడిపె ఉంటుంది, అది లేనిదే లోంగ్ పైకి లేవలేదు. రెక్కలున్న యింగ్‌లోంగ్ అనే రకం ఒకటి ఉంది, కానీ మామూలు లోంగ్‌కు గబ్బిలం రెక్కలు అతికిస్తే అది యూరప్ బొమ్మ అయిపోతుంది. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన నిఘంటువు, వసంత విషువత్తుకు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు) లోంగ్ ఆకాశానికి ఎక్కుతుందనీ శరద్విషువత్తుకు లోతైన మడుగులోకి దిగుతుందనీ అర్థం రాసింది. వానల రాకపోకలను చూసినవాళ్ల లెక్క అది. వృత్రుడు నీళ్లను బిగబట్టాడు, లోంగ్ వాటిని వదులుతుంది. చేతుల్లో ఉన్నది ఇద్దరికీ ఒకటే.

మరి నిప్పు ఎక్కడిది? యూరప్ డ్రాగన్లన్నిటికీ నిప్పు లేదు, కొన్ని పేరున్న కథల్లో ఉన్నది విషమే. 13వ శతాబ్దంలో స్థిరపడిన సెయింట్ జార్జ్ కథలో లిబియాలోని సిలేనె పట్టణం పక్క సరస్సులో డ్రాగన్ ఉంటుంది, దాని ఊపిరికే జనం చచ్చిపోతారు. రోజుకు రెండు గొర్రెలు ఇస్తారు, గొర్రెలు అయిపోయాక మనుషులను పంపుతారు. నార్స్ (పాత స్కాండినేవియా) కథల ఫాఫ్నిర్ నేలమీద పాకేది, విషం కక్కేది. బంగారం మీద ఆశతో అలా మారిన మనిషి వాడు. వాడు నీళ్లకు వెళ్లే దారిలో సిగుర్డ్ అనే వీరుడు గొయ్యి తవ్వి, అందులో దాక్కుని కిందినుంచి పొడిచాడు. పొట్ట నేలకు రాసుకునే జంతువును చంపడానికి అంతకన్నా తెలివైన ఉపాయం లేదు. ఎగిరే, నిప్పు కక్కే డ్రాగన్ పాత ఇంగ్లిష్ కావ్యం బేవుల్ఫ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది: పొడవు 50 అడుగులు, నిధిమీద 300 ఏళ్లు కూర్చుంది, ఒక్క పాత్ర దొంగిలించినందుకు ఊళ్లు తగలబెట్టింది. అందులో కూడా దాన్ని డ్రాకా అని ఎంతగా పిలుస్తారో విర్మ్ అని అంతగా పిలుస్తారు. విర్మ్ అంటే పాము.

7వ శతాబ్దంలో సెవిల్ బిషప్ ఇసిదోర్, డ్రాగన్ పాములన్నిటిలోకీ పెద్దదనీ దాని బలం పళ్లలో కాక తోకలో ఉందనీ, ఏనుగును చుట్టి ఊపిరాడకుండా చంపుతుందనీ రాశాడు. అది ఇండియాలో ఉంటుందని కూడా అన్నాడు. కొండచిలువ గురించిన వార్త చెవులు మారుతూ అక్కడికి చేరిందనే నాకు అనిపిస్తుంది. కాళ్ల లెక్క స్థిరపడింది ఇంకా తరవాత. బ్రిటన్ రాచముద్రల శాస్త్రంలో నాలుగు కాళ్లు, రెండు రెక్కలు ఉంటేనే డ్రాగన్, రెండు కాళ్లుంటే వైవర్న్. 1959లో అధికారికమైన వేల్స్ జెండా మీదిది నాలుగు కాళ్లది. యూరప్‌లో మిగతా చోట్ల ఈ తేడాను అంతగా పట్టించుకోలేదు. కాబట్టి రెండు కాళ్లు కనబడగానే ఇది డ్రాగనే కాదని వాదించేవాళ్లు ఒక దేశపు ముద్రల నియమాన్ని ప్రపంచం మొత్తానికి రుద్దుతున్నారు.

చివరిగా నాగులు. నా రెండు కొలతలూ వాటికి సరిపోతాయి: పడగలు, ఎక్కువ తలలు, నీళ్లమీద అధికారం, నిధుల కాపలా. బౌద్ధ గ్రంథాలను చైనీయంలోకి తెచ్చినవాళ్లు నాగ అన్నచోట లోంగ్ అనే రాశారు, అలా నాగరాజు లోంగ్‌వాంగ్ అయ్యాడు. నాగార్జునుడి పేరు చైనాలో లోంగ్‌షు, అంటే డ్రాగన్ చెట్టు. ఆయన ప్రజ్ఞాపారమిత అనే బౌద్ధ గ్రంథాన్ని నాగలోకం నుంచి తెచ్చాడనే కథ అక్కడ డ్రాగన్ కోటలోకి వెళ్లిన కథగా చదువుకుంటారు. అమరావతి పలకల మీద స్తూపాన్ని చుట్టుకుని పడగలెత్తిన నాగులు చేస్తున్నదీ కాపలాయే, రామగ్రామ స్తూపంలోని బుద్ధుడి ధాతువులకు, అంటే అవశేషాలకు.

అయినా తెలుగులో నాగులను డ్రాగన్లు అనకూడదనే నా అభిప్రాయం. నాగులకు కులగోత్రాలున్నాయి, ఊళ్లున్నాయి, ఉలూపి అర్జునుణ్ణి పెళ్లాడింది. కాళీయుడు యమున మడుగును విషం చేశాడు, అంతవరకు డ్రాగనే. కానీ భార్యలు వచ్చి వేడుకుంటే కృష్ణుడు చంపకుండా రమణక ద్వీపానికి పంపేశాడు. యూరప్ డ్రాగన్ తరఫున వేడుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

యూరప్‌దానికి తెలుగులో ఒక మంచి మాట ఎప్పటినుంచో ఉంది: ఘటసర్పం. తెలుగు బైబిల్ ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో ఏడు తలలు, పది కొమ్ముల ఎర్రని మహాఘటసర్పం వస్తుంది. చాలామంది దాని నోట నిప్పును ఊహించుకుంటారు. 15వ వచనం తీసి చూడండి. తాను తరుముతున్న స్త్రీ కొట్టుకుపోవాలని అది నోటినుంచి వదిలింది నదిలాంటి నీటి ప్రవాహం. తరవాతి వచనంలో భూమి నోరు తెరిచి ఆ నీళ్లను మింగేసింది.