మిలటరీ రికార్డుల్లో మా ఆవిడ పేరు సరిచేయించిన అనుభవం

సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో కొరిజెండమ్ పీపీఓ, అంటే తప్పులు దిద్ది ఇచ్చే పెన్షన్ ఉత్తర్వు, కనబడింది. మా ఆవిడ పేరు, పుట్టిన తేదీ రెండూ ఇప్పుడు ఆధార్‌తో అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. ఆ వేడి చల్లారకముందే ఇది రాస్తున్నాను. నాలాంటి మాజీ సైనికులకు పనికొస్తుంది.

అసలు ఈ తేడా ఎక్కడ పుడుతుందంటే, యూనిట్‌లో. పెళ్లయి సెలవు నుంచి వెళ్లగానే క్లర్కు పార్ట్ టూ ఆర్డర్ వేస్తాడు, అంటే భార్య వివరాలను సర్వీసు రికార్డులోకి ఎక్కించే ఉత్తర్వు. ఆ రోజుల్లో సర్పంచి రాసిచ్చిన కాగితమే ఆధారం. అందులో పెళ్లికూతురికి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక అనే మన పద్ధతి ఉత్తరాది క్లర్కుకు తెలియదు. ‘బి. లక్ష్మి’ అని కొట్టేశాడు, అయిపోయింది. పుట్టిన తేదీ అడిగితే మనం వయసు చెప్తాం, అతను లెక్కగట్టి ఏదో ఒక తేదీ వేస్తాడు. తర్వాతెప్పుడో ఆధార్ వచ్చింది. అందులో అత్తింటి ఇంటిపేరు, వరలక్ష్మి అని పూర్తి పేరు, రుజువు లేనివాళ్లందరికీ వేసే జనవరి 1. ఒక మనిషి కాస్తా కాగితాల్లో ఇద్దరైంది.

మనం బతికున్నన్నాళ్లూ మన పెన్షన్ మనకు పడుతూనే ఉంటుంది కాబట్టి ఈ సంగతి ఎవరికీ పట్టదు. మనం పోయాక, ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆవిడ డెత్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లినప్పుడు బయటపడుతుంది. రిటైరయ్యాక పోయినవాళ్ల భార్యకు మొదటి 7 ఏళ్లు, లేదా భర్తకు 67 ఏళ్లు నిండే తేదీ వరకు, ఏది ముందైతే అంతవరకు చివరి జీతంలో 50 శాతం ఇస్తారు. అది భర్తకు వచ్చిన పెన్షన్‌ను మించకూడదు. ఆ తర్వాత 30 శాతం. ఎంత తక్కువైనా నెలకు 9,000 రూపాయలు, దాని మీద డీఆర్ (కరువు భత్యం). పేరు కలవకపోతే ఇదంతా ఆగుతుంది. బకాయిలు ఎప్పుడో వస్తాయి సరే, ఈలోపు ఇల్లు గడవొద్దా?

పుట్టిన తేదీని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆవిడకు 80 నిండితే ఫ్యామిలీ పెన్షన్ మీద 20 శాతం అదనం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు 100 శాతం. ఏ తేదీ నుంచి ఇవ్వాలో రికార్డులో ఉన్న పుట్టిన తేదీని బట్టే లెక్క. అక్కడ నాలుగేళ్లు చిన్నగా పడితే నాలుగేళ్ల అదనం పోయినట్టే.

స్పర్శ్‌లో లాగినై ప్రొఫైల్లో భార్య వివరాలు చూసుకోవడం ఐదు నిమిషాల పని. తేడా ఉంటే ఏది మార్చాలన్నది తర్వాతి ప్రశ్న. ఆధారే మార్చేయండని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువ. వినకండి. ఆధార్‌లో పుట్టిన తేదీని ఒక్కసారే మార్చనిస్తారు, పేరును రెండుసార్లు. పైగా పాన్, బ్యాంకు, గ్యాసు, పొలం పాస్‌బుక్ అన్నీ ఆధార్ పేరుతోనే ఉన్నాయి. అది కదిపితే ఇవన్నీ కదులుతాయి. మిలటరీ రికార్డు ఒక్కటి మారిస్తే చాలు.

ఆ మార్చేది రికార్డ్స్ ఆఫీసు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం కాదు, బ్యాంకు అంతకన్నా కాదు. మీ రాష్ట్రాన్ని బట్టి కాదు, మీ కోర్‌ను, అంటే సైన్యంలో మీరు పనిచేసిన విభాగాన్ని బట్టి రికార్డ్స్ ఉంటుంది: ఈఎంఈ, ఏఓసీ వాళ్లకు సికింద్రాబాద్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, ఎంఈజీకి బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. రికార్డ్స్ వాళ్లు కొత్త పార్ట్ టూ ఆర్డర్ వేసి పంపితే, సైనిక పెన్షన్లు మంజూరు చేసే ప్రయాగ్‌రాజ్ పీసీడీఏ పెన్షన్స్ ఆఫీసు నుంచి కొరిజెండమ్ పీపీఓ వస్తుంది. దారి ఇంతే. వినడానికి ఎంత సులువో!

నన్ను ఏడిపించింది అఫిడవిట్. నోటరీ చేయించి పంపితే వెనక్కొచ్చింది, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ముందు ప్రమాణం చేసిందే కావాలని కొర్రీ. సరేనని కోర్టుకెళ్లి చేయించాం. అఫిడవిట్ భార్య పేరున ఉంది, సైనికుడి పేరున ఉండాలని మళ్లీ కొర్రీ. అదీ చేస్తే, పేపరు ప్రకటనలో పుట్టిన తేదీల ప్రస్తావన లేదని ఇంకోటి. తర్వాత, కత్తిరించిన ముక్క కాదు, పేపరు పూర్తి పేజీ కావాలట. కవరు విప్పిన మొదటి రోజే ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి పంపడానికి ఏం అడ్డొచ్చిందో ఆ సెక్షన్‌లో కూర్చున్నవాళ్లే చెప్పాలి. ఒక్కో కొర్రీకి ఒక్కో స్పీడ్ పోస్టు.

అఫిడవిట్ రాయించేటప్పుడు ఇవి చూసుకోండి. ప్రమాణం చేసేది మీరు. ఆర్మీ నంబరు చివర ఉండే ఇంగ్లీషు అక్షరంతో సహా రాయాలి. కోర్టు దగ్గర టైపు చేసేవాళ్లు ఆ అక్షరం అక్కర్లేదనుకుని వదిలేస్తారు. అది లేని నంబరు రికార్డ్స్‌కు అసంపూర్తి నంబరే. ర్యాంకు, మీ పేరు డిశ్చార్జి బుక్‌లో ఉన్నట్టే ఉండాలి. భార్య పాత పేరు, పాత తేదీ పార్ట్ టూ ఆర్డర్‌లో ఉన్నట్టు, కొత్తవి ఆధార్‌లో ఉన్నట్టు పక్కపక్కన రాయించాలి. ఇద్దరూ ఒకరేననీ, ఆమె నా చట్టబద్ధమైన భార్య అనీ ఒక వాక్యం ఉండి తీరాలి. పేపరు ప్రకటన దీని తర్వాతే, ఎందుకంటే అఫిడవిట్ తేదీ, ఎవరి ముందు చేశారో ప్రకటనలో వేయాలి. ఒకటి ఇంగ్లీషు పేపరు, ఒకటి తెలుగు పేపరు. అచ్చుకు వెళ్లేముందు ప్రూఫ్ మీరే చదవండి, ఒక్క అక్షరం పోయినా మళ్లీ డబ్బు కట్టాల్సిందే.

ఇంతలో రెండు పేర్లూ ఒకరివేనని రెవెన్యూ వాళ్ల సర్టిఫికెట్ కూడా అడిగారు. ఒక తహసీల్దార్ ఆఫీసుకు ఇద్దరం వెళ్లాం. అక్కడ గుమస్తా కాగితాలు తిరగేసి, తల ఎత్తకుండానే, ‘ఈ లక్ష్మి ఎవరండీ, మొదటి భార్యా?’ అన్నాడు. లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుని గోడమీద క్యాలెండర్ వైపు తిరిగింది. సర్వీసంతా ఒక్క రెడ్ ఇంక్ ఎంట్రీ (శిక్ష పడినట్టు రాత) లేకుండా చేసి వచ్చినవాణ్ణి, ఫీల్డ్ ఏరియాల్లో మెడల్స్ తీసుకున్నవాణ్ణి, నా పెళ్లాం నా పెళ్లామేనని ఒక గుమస్తాకు రుజువు చేసుకోవాల్సి వచ్చింది. జెండా పండక్కి మైకులో జై జవాన్ అనేది కూడా ఇలాంటివాళ్లే.

అక్కడ పని జరిగింది మా గొంతు వల్ల కాదు, రెండు పేర్లనూ కలిపే కాగితాల వల్ల. పాత పేరుతో ఫొటో ఉన్న ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, అదే ఇంటి నంబరు, అదే భర్త పేరుతో ఉన్న ఓటరు కార్డు, పిల్లల టెన్త్ మెమోలో తల్లి పేరు. పాత పేరుది ఒక్క కాగితమైనా పారేయకండి. వీఆర్వో ఇంటికొచ్చి ఇరుగుపొరుగు వాంగ్మూలం రాసుకున్నాక సర్టిఫికెట్ ఇచ్చారు.

సైనిక సంక్షేమ కార్యాలయంలో మాత్రం మర్యాదగా కూర్చోబెట్టి సంతకం, సీలు వేసి పంపారు. రికార్డ్స్‌కు పంపే కవరులో దరఖాస్తు, అఫిడవిట్ ఒరిజినల్, రెండు పేపర్ల పూర్తి పేజీలు, రెవెన్యూ సర్టిఫికెట్, పీపీఓ, డిశ్చార్జి బుక్‌లో కుటుంబ వివరాల పేజీ, ఇద్దరి ఆధార్, పాన్ జిరాక్సులు పెట్టండి. ప్రతి కాగితం మీదా ఆర్మీ నంబరు రాయండి, కాగితాలు విడిపోతే ఎవరివో తెలియాలిగా. పోస్టు రసీదుతో పాటు మొత్తం సెట్టు ఇంకో కాపీ దాచుకోండి. ఈ పని చేసిపెడతామని వేలకు వేలు అడిగే ఏజెంట్లున్నారు. వాళ్లు చేసేదీ ఈ కవరు కట్టడమే, ప్రమాణం చేయడానికి ఎలాగూ మిమ్మల్నే రమ్మంటారు.

కొరిజెండమ్ వచ్చాక ఈసీహెచ్ఎస్ కార్డు, క్యాంటీన్ కార్డు కొత్త పేరుతో మార్పించుకోవాలి. పెన్షన్ ఖాతా ఇద్దరి పేరున, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉందో లేదో చూసుకోండి. ఇంకొకటి. ఇంట్లో వికలాంగులైన బిడ్డ ఉంటే, తల్లిదండ్రుల తర్వాత ఆ బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. దానికి బిడ్డ పేరు, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ మీరుండగానే రికార్డ్స్‌కు చేర్చాలి. భార్య పేరు దిద్దే కవరులోనే అదీ పెట్టేయకండి, ఒకదానికి కొర్రీ పడితే రెండూ ఆగుతాయి. విడిగా దరఖాస్తు పెట్టండి.