అండమాన్‌లో మా ఊరి టైమ్

పెళ్లయిన తొమ్మిదేళ్లకి మేమిద్దరమే కలిసి ఒక ఊరు వెళ్లడం ఇదే మొదటిసారి. తిరుపతికీ, పెళ్లిళ్లకీ వెళ్లినవి లెక్కలోకి రావు కదండీ, అందులో మనిద్దరం ఎక్కడుంటాం, వెనకాల పదిమంది, పది సంచులు, ఒక బిందె కూడా. ఈసారి బాబుని అత్తయ్యగారి దగ్గర వదిలేసి డిసెంబర్ రెండో వారంలో నాలుగు రోజులు అండమాన్ వెళ్లొచ్చాం. కాకినాడ నుంచి వైజాగ్, వైజాగ్ నుంచి చెన్నై, చెన్నై నుంచి రెండు గంటల పైన విమానం. వెళ్లేముందు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే, ఇంటిముందు సముద్రం పెట్టుకుని సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకమ్మా అని. మా ఉప్పాడ సముద్రం వేరు, అది టీ రంగులో ఉంటుంది, ఏటేటా రోడ్డుని మింగుతూ ఉంటుంది, దాన్ని చూస్తే అందం కన్నా ముందు భయం గుర్తొస్తుంది. అక్కడిది వేరు.

పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, హేవలాక్‌కి అంతకుముందే 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అన్నారు, కానీ ఆటో వాళ్లూ పడవ వాళ్లూ అందరూ పాత పేర్లే అంటున్నారు కాబట్టి నేనూ అవే రాస్తాను.

మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో పడుకుని, రెండో రోజు పొద్దున్న హేవలాక్ పడవ ఎక్కాలి. పడవ అంటే నేను లాంచీ లాంటిది అనుకున్నా, ఇది లోపల ఏసీ బస్సులా ఉంది, వరసగా సీట్లు, తలుపులు మూసేస్తారు. ఆ రోజు గాలి ఎక్కువగా ఉందని పొద్దున్న బయల్దేరాల్సింది మధ్యాహ్నం అయింది. మావారు గోదావరి లాంచీల్లోనే పుట్టి పెరిగినట్టు మాట్లాడతారు, వాంతులు రాకుండా అవోమిన్ మాత్ర ఇస్తే "నాకెందుకే, నువ్వేసుకో" అన్నారు. హార్బర్ దాటి బయటి సముద్రంలోకి రాగానే మొదలైంది. గంటన్నర ప్రయాణంలో గంట సేపు ఆయన ముందు సీటు వెనకభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నారు, పక్కన నేను కవరు పట్టుకుని. పడవ అబ్బాయి కవర్లు పంచుతూ చాలా మామూలుగా నడిచి వెళ్లిపోతున్నాడు, మనమే అటూ ఇటూ ఊగుతున్నాం.

హేవలాక్‌లో దిగేసరికి మూడు. అయిదో నంబర్ బీచ్ దగ్గర రూము. అక్కడ బీచ్‌లకి నంబర్లు ఉంటాయి, ఊళ్లకి మాత్రం చక్కటి పేర్లు, గోవిందనగర్, విజయనగర్, శ్యామనగర్, కృష్ణానగర్, రాధానగర్. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలని ఇక్కడికి తెచ్చి భూములిచ్చి పెట్టారు, ఇప్పటికీ ఎక్కువమంది బెంగాలీలే. హేవలాక్‌లో కృష్ణుడి పేర్లయితే పక్కనున్న నీల్ ద్వీపంలో రాముడి కుటుంబం, రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. నీల్‌కి మేం వెళ్లలేదు, పడవ టైములు కుదరలేదు.

అసలు గొడవ ఇక్కడే మొదలు. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలి, అది నా ఒక్కగానొక్క కోరిక. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో బెస్ట్ బీచ్ అని రాసింది దాన్నే. నేను వెళ్దాం పదండి అంటుంటే ఈయన మంచం మీద వాలి, "డిసెంబర్‌లో సూర్యుడు అయిదున్నరకి కదా దిగేది, దేశమంతా ఒకటే టైము, ఓ అరగంట పడుకోనీ, కడుపులో ఇంకా పడవ ఊగుతోంది" అన్నారు. జాలేసి వదిలేశా. నాలుగున్నరకి లేపి, స్కూటీ అద్దెకి తీసుకుని బయల్దేరితే దారి పన్నెండు కిలోమీటర్లు. దారంతా వక్క తోటలు, అరటి, మధ్యమధ్యలో వరి పొలాలు, కోనసీమలో పోతున్నట్టే ఉంది, అందుకే ఆయన కూడా నెమ్మదిగా చూసుకుంటూ నడిపారు. సగం దారిలోనే నాకు తేడా కొట్టింది, చెట్ల కింద నీడలు లేవు. నీడలు లేవంటే ఎండ లేదనేగా.

వెళ్లేసరికి అయిదూ పది. జనం ఎదురొస్తున్నారు, ఒంటికి తువ్వాళ్లు చుట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని. లైఫ్‌గార్డులు విజిల్ వేసి నీళ్లలో ఉన్న చివరి నలుగురిని బయటికి రమ్మంటున్నారు. సూర్యుడు లేడు. ఆకాశం కింద అంచున కొంచెం వంకాయ రంగు మిగిలింది అంతే. ఇంకో పది నిమిషాల్లో ఒడ్డున ఉన్న పెద్ద పెద్ద సీ మహువా చెట్లు నల్లటి గోడలాగా అయిపోయాయి. నేను మాట్లాడలేదు. పెళ్లయిన ఆడవాళ్లకి తెలుసు, మాట్లాడకపోవడం ఎంత పని చేస్తుందో. ఆయన కొబ్బరి బొండం కొనిచ్చారు, తాగాను, అయినా మాట్లాడలేదు.

రాత్రి రూములో కరెంటు పోయి వస్తోంది (ద్వీపంలో ఎక్కువ కరెంటు డీజిల్ జనరేటర్లదే), ఈయన ఫోన్ పట్టుకుని ఏదో లెక్కలు వేస్తున్నారు. "ఏమేవ్, ఇది విన్నావా, తప్పు నాది కాదు, మన ఊరిది" అన్నారు. విషయం ఏంటంటే మన దేశం టైము లెక్కకట్టేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, ఆ గీత ఆంధ్రాలో మా కాకినాడకి కాస్త తూర్పుగా, తుని దగ్గర్లోంచే పోతుంది. అంటే గడియారానికీ సూర్యుడికీ పెద్దగా పేచీ లేకుండా బతికేది మేమే. హేవలాక్ ఉన్నది 93 డిగ్రీల దగ్గర, ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే సూర్యుడి లెక్కలో వాళ్లు మాకన్నా 40 నిమిషాల పైనే ముందున్నారు, గడియారం మాత్రం మాదే పెట్టుకున్నారు. చిన్నప్పుడు సోషల్ పరీక్షలో రెండు మార్కులకి రాసిన జవాబు ఇది, ఆ రేఖాంశం మూలంగా మా ఇంట్లో తగువొస్తుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు నేనే అలారం పెట్టా, నాలుగున్నరకి. కాలాపత్తర్ బీచ్‌లో అయిదున్నర కల్లా సూర్యుడు వచ్చేశాడు, ఆ టైముకి మా ఇంట్లో అత్తయ్యగారు కూడా లేవరు. అక్కడ నల్ల రాళ్ల మధ్య ఇసుకలో ఒక గవ్వ దొరికింది, చిటికెన వేలు గోరంత, గోధుమ రంగు చారలు, బాబుకి ఇద్దామని అరచేతిలో పెట్టుకున్నా. కాసేపటికి చెయ్యి గిలిగింతలు పెట్టింది. చూస్తే గవ్వ లోంచి ముందు రెండు మీసాలు, తర్వాత ఎర్రటి కాళ్లు, లోపల బుల్లి పీత, నా అరచేయి అంతా కొలుచుకుంటూ అంచుదాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి మళ్లీ గవ్వలోకి దూరిపోయింది. కింద పెట్టేశా. ఖాళీ గవ్వలయినా, చచ్చిన పగడపు ముక్కలయినా అక్కడినుంచి తీసుకెళ్లకూడదు, ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు. నాకు ఆ రూల్ ముందే తెలుసు గానీ, ఎందుకో ఆ పీతని చూశాకే అర్థమైంది, ఇంకొకళ్లు అద్దెకి దిగాల్సిన ఇల్లు అది.

తర్వాత ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్, అది అందరూ రాసేదే కాబట్టి ఎక్కువ చెప్పను. 2004 సునామీకి కూలిపోయిన పెద్ద చెట్లు ఇంకా వేళ్లతో సహా ఒడ్డున పడి ఉన్నాయి. హేవలాక్‌లో రాజన్ అనే ఏనుగు ఉండేది, దుంగలు లాగడానికి తెచ్చారు దాన్ని, తర్వాత సముద్రంలో ఈదే ఏనుగుగా ప్రపంచమంతా పేరొచ్చింది, 2016లో చనిపోయింది. మావారు మాస్కు పెట్టుకుని నీళ్లలో మొహం పెట్టి పది నిమిషాలు లేవలేదు, నిన్నటి పడవ మనిషేనా అనిపించింది. లేచి, "చిలకపచ్చ చేప ఒకటి రాయిని కొరుకుతోందే, కరకరమని వినపడుతోంది" అని చిన్నపిల్లాడిలా చెప్పారు. నేను మునిగినా వినపడింది, నిజంగానే, జంతికలు నమిలినట్టు.

మధ్యాహ్నం రెండున్నరకే రాధానగర్‌లో కూర్చున్నాం. అన్నం కూడా సరిగ్గా తినలేదు, కాకినాడ నుంచి తెచ్చిన గొట్టం కాజాలు ఉన్నాయి, అవే తింటూ. ఇసుక పిండిలా మెత్తగా ఉంది, నీళ్లు ఒడ్డున లేత ఆకుపచ్చ, లోపలికి పోయేకొద్దీ ముదురు నీలం. మొసళ్ల భయం ఉన్న చోటు కాబట్టి, ఈ పక్కనే 2010లో మొసలి పట్టి ఒక టూరిస్టు చనిపోయారు, చెప్పిన చోటే దిగాలి. మేం మోకాళ్ల దాకానే దిగాం. రెండు గంటల పైన ఏ పనీ లేకుండా పక్కపక్కన కూర్చోవడం మొదట్లో ఇబ్బందిగా కూడా ఉంది, ఏం మాట్లాడాలో తెలీక ఇంటి లోను గురించి కాసేపు మాట్లాడుకున్నాం, తర్వాత అదీ ఆగిపోయింది.

నాలుగూ యాభైకి సూర్యుడు నీళ్లకి జానెడు ఎత్తులో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే బాబు వీడియో కాల్. అక్కడ నెట్‌వర్క్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి, అప్పుడు మాత్రం తగిలింది. ఈయన ఫోన్ తిప్పి "చూడరా, సూర్యుడు మునిగిపోతున్నాడు" అన్నారు. వాడు డాబా మీద ఉన్నాడు, గాలిపటంతో. వాడు కూడా ఫోన్ తిప్పాడు. మా పక్కింటి నీళ్ల ట్యాంకు పైన సూర్యుడు, ఇంకా పసుపుగా, ఎండ వాడి మొహం మీద పడుతోంది. "లేదు నాన్నా, ఇక్కడ ఇంకా ఉన్నాడు" అన్నాడు. బొమ్మ అక్కడే ఆగిపోయింది, వాడి నోరు తెరిచి ఉండగా. మేం ఫోన్ లోంచి తలెత్తేసరికి మా సూర్యుడు సగం అయిపోయాడు. ఈయన నా చెయ్యి పట్టుకుని, "నిన్న పడుకోకుండా ఉండాల్సింది" అన్నారు. తొమ్మిదేళ్లలో ఇది రెండో క్షమాపణ, మొదటిది ఫ్రిజ్ విషయంలో.

నాలుగో రోజు తిరిగి పోర్ట్ బ్లెయిర్. సెల్యులర్ జైలు చూశాం, 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు, ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. 1933 కాకినాడ బాంబు కేసులో స్వాతంత్ర్య యోధుడు ప్రతివాది భయంకరాచారిగారిని ఇక్కడికే పంపారని తాతగారు చెప్పేవారు. ఒక గదిలోకి వెళ్లి నిలబడ్డా, కిటికీ నా తలకన్నా చాలా పైన ఉంది, సముద్రం చుట్టూ ఉన్నా అక్కడినుంచి కనపడదు. అయిదు నిమిషాలు ఉండలేకపోయా.

సాయంత్రం జంగ్లీఘాట్ వైపు నడుస్తుంటే తెలుగు వినపడింది. అక్కడ మనవాళ్లు చాలామంది, 2011 జనాభా లెక్కల్లో ద్వీపాల్లో నూటికి 13 మంది తెలుగు మాట్లాడేవాళ్లే. ఒకావిడ టిఫిన్ బండి దగ్గర పునుగులు వేస్తోంది, మా మాటలు విని "ఏ ఊరమ్మా మీది" అంది. కాకినాడ అన్నాం. వాళ్లది సోంపేట వైపంట, పెళ్లయి వచ్చి ఇరవై రెండేళ్లు. విశాఖపట్నం నుంచి ఓడలో దాదాపు మూడు రోజులు వచ్చారంట అప్పుడు. నేను ఇక్కడ చీకటి తొందరగా పడిపోతోందేంటండీ అంటే నవ్వి, "ఏటమ్మా సెప్తావు, నేను దీపమెట్టీసి అమ్మకి ఫోన్ సేస్తే, అమ్మ ఇంకా పశువుల్ని తోలుకొస్తంటాది. ఇప్పటికీ అలవాటవనేదు" అంది.

డబ్బులివ్వబోతే కాజాలేమైనా ఉన్నాయా అని అడిగింది, కాకినాడ అన్నాం కదా. డబ్బాలో ఆరు మిగిలాయి, ఇచ్చేశాం. ఒకటి నోట్లో పెట్టుకుని, మిగిలినవి పిల్లలకని కాగితంలో చుట్టి, అప్పుడు అంది, ఈసారొస్తే మాత్రం ఆవకాయ అట్టుకు రమ్మని, ఇక్కడి మామిడికాయతో పెడితే ఆ పులుపు రాదంట. మేం మళ్లీ ఎప్పుడు వెళ్తామో. మీలో ఎవరైనా వేసవి తర్వాత అటు వెళ్లేవాళ్లుంటే కామెంట్ పెట్టండి, ఒక సీసా కట్టించి ఇస్తాను, బండి ఎక్కడుందో గుర్తులు చెప్తాను, కాకపోతే నాలుగున్నర లోపు వెళ్లండి.