బొగ్గు ఊళ్లకు సొంతవాళ్లెవరు

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, నార్వేలో నేను హోటల్ పని చేసుకుంటున్న ఊళ్లో కరెంటు బిల్లుల మీద ఒక సమావేశం జరిగితే వెళ్లాను. బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసి డీజిల్‌కు మారాక ఖర్చు పెరిగింది కదా, అద్దె గదుల్లో ఉండే హోటల్ పనివాళ్లకు ఆ భారం తగ్గించే ఆలోచన ఏమైనా ఉందా అని చెయ్యెత్తి అడిగాను. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి, కోపం లేకుండానే, "ఇవి పదేళ్ల తర్వాత కూడా ఇక్కడ ఉండేవాళ్లు అడగవలసిన ప్రశ్నలు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ అడ్డు చెప్పలేదు. వేదిక మీది అధికారి నా ప్రశ్నకు మర్యాదగానే జవాబిచ్చాడు కానీ అందులో ఒక్క ముక్క కూడా నా తలకెక్కలేదు. అప్పటి నుంచి ఆ పెద్దమనిషితో మనసులో వాదిస్తూనే ఉన్నాను. ఆ వాదనంతా ఒక చోట పెడదామని ఇది రాస్తున్నాను.

ఊరు లాంగ్‌యర్‌బ్యెన్. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపాల్లో, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటుంది. ఇక్కడి నుంచి ఉత్తర ధ్రువం సుమారు 1,300 కిలోమీటర్లు. జనాభా రెండున్నర వేలు. అందులో మూడో వంతుకు పైగా నార్వే పౌరులు కారు. థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, స్వీడన్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. ఇక్కడ పని చేయడానికి వీసా, పర్మిట్ అక్కరలేదు. 1920లో పారిస్‌లో కుదిరిన స్వాల్‌బార్డ్ ఒప్పందం మీద ఈ వ్యవస్థ నడుస్తోంది. అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న మన దేశం తరఫున కూడా దాని మీద సంతకం ఉంది. నార్వేలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, పర్మిట్ గడువు ముగిసే వేళకు సరైన ఉద్యోగం దొరకని నాలాంటివాళ్లకు ఈ ఊరు ఒక తలుపు తెరుస్తుంది. అయితే ఆ తలుపు ఒక్క వైపే తెరుచుకుంటుంది. స్వాల్‌బార్డ్ షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో, లేదు. కాబట్టి నార్వే ప్రధాన భూభాగంలోని ట్రోమ్సో నగరంలో పంటి నొప్పికి డాక్టరుకు చూపించుకోవాలన్నా నాకు వీసా కావాలి. ఇక్కడ ఎన్నేళ్లున్నా అవి నార్వే శాశ్వత నివాసం లెక్కలోకి రావు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నన్ను కదిలించింది మంచు కాదు, గుమ్మాల దగ్గరి చెప్పుల అరలు. హోటల్‌కు వెళ్లినా, మ్యూజియానికి వెళ్లినా బూట్లు బయట విప్పాలి. గని నుంచి వచ్చినవాళ్ల కాళ్లకు అంటిన బొగ్గు మసి లోపలికి రాకూడదని మొదలైన అలవాటు ఇది. ఇంకా సాగుతోంది. పర్యాటకులు దీన్ని వింతగా ఫోటో తీసుకుంటారు. నాకైతే ఆ అరల ముందు వంగి బూటు లేసులు విప్పుతుంటే బెల్లంపల్లిలో మా క్వార్టర్ గుమ్మం గుర్తొచ్చి గొంతు పట్టేసింది. నాన్న షిఫ్టు దిగి వచ్చి బూట్లు అరుగు కిందే వదిలేవాడు. అమ్మ నీళ్లు తోడి పెట్టేదాకా లోపలికి అడుగు పెట్టేవాడు కాదు.

నేను సింగరేణి బిడ్డను. అందుకే ఈ ఊరిని చూడగానే అర్థమైంది. 1906లో అమెరికా వ్యాపారి జాన్ మన్రో లాంగ్‌యర్ ఇక్కడ బొగ్గు కోసం వెలయించిన ఊరిది. 1916లో స్టోర్ నోర్స్కే అనే నార్వే కంపెనీ చేతికి వచ్చింది. ఇళ్లు కంపెనీవి, కొట్టు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది. మా వైపు ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వడం మొదలైన తర్వాత కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి ఎలా పెరిగాయో ఇది కూడా అలాగే పెరిగింది. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఇల్లు. ఇక్కడ నాకు గది ఇచ్చింది హోటలే. పని మానేస్తే గది ఖాళీ చేయాలి. నాన్న రిటైర్ అయ్యాక మేము క్వార్టర్ ఖాళీ చేసి మంచిర్యాలకు మారాం. అమ్మ నాటిన కరివేపాకు చెట్టు అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత బెల్లంపల్లిలో బాయిలు, అంటే బొగ్గు గనులు, ఒక్కొక్కటే మూతపడ్డాయి, మనుషులు తగ్గారు. ఇక్కడ కూడా చివరి నార్వే గని, ఏడో నంబరు గని, 2025లో మూతపడింది. ఆ వార్త చెబితే నాన్న ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ కూడానా బిడ్డా" అన్నాడు.

కాబట్టి పదేళ్ల తర్వాత ఉండేవాళ్లు అనే కొలత నాకు మింగుడు పడదు. ఆ కొలతే పెడితే ఈ ఊళ్లో నిలిచేవాళ్లు చాలా కొద్దిమంది. నార్వేవాళ్లలో కూడా చాలామంది కొన్నేళ్లు పని చేసుకుని, తక్కువ పన్నుతో నాలుగు డబ్బులు వెనకేసుకుని ప్రధాన భూభాగానికి వెళ్లిపోతారు. ఇక్కడ పుట్టినవాళ్లంటూ దాదాపు ఉండరు. ఆసుపత్రిలో ప్రసవాలకు ఏర్పాట్లు లేవు. నెలలు నిండే ముందే గర్భిణులు విమానమెక్కాలి. వృద్ధాశ్రమం లేదు. మంచాన పడినవాళ్లను చూసుకునే వ్యవస్థ లేదు. తమను తాము పోషించుకోలేనివాళ్లను పంపించివేసే అధికారం గవర్నరుకు ఉంది.

దీన్నే పట్టుకుని మన బంధువులు నాకు వీడియోలు పంపుతుంటారు, 'చనిపోవడం నేరమైన ఊరు' అని. అలాంటి చట్టం ఏదీ లేదు. నేల లోపల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి పాతిన పెట్టెలను అది క్రమంగా పైకి నెట్టేస్తుంది. అందుకని శవపేటికలను ఖననం చేయడం మానేశారు. అనుమతి తీసుకుని అస్థికల పాత్రను పాతుకోవచ్చు. ఈ విషయం ఎంతమందికి చెప్పినా మళ్లీ అదే వీడియో వస్తుంది. వచ్చిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. మనుషులు బతుకుతున్న ఊరు ఇది. పిల్లలు బడికి వెళతారు, వాళ్ల పసుపు పచ్చ జాకెట్ల మీద లైటు పడితే మెరిసే పట్టీలు ఉంటాయి, ఎందుకంటే బడి మొదలైనప్పుడూ చీకటే, వదిలినప్పుడూ చీకటే. అక్టోబరు చివర పోయిన సూర్యుడు ఫిబ్రవరి మధ్యలో గానీ దిగంతం పైకి రాడు. కొండలు అడ్డం కాబట్టి ఊరి మీద ఎండ పడేది మార్చి 8 ప్రాంతంలో. ఆ రోజు పాత ఆసుపత్రి మెట్ల దగ్గర ఊరంతా చేరి ఎదురు చూస్తుంది. మన సంక్రాంతికి సూర్యుడి మీద ఉన్న ప్రేమ నాకు అక్కడ నిలబడినప్పుడు పూర్తిగా తెలిసింది.

ఒక ఊరికి చెందడం అంటే ఆ ఊరు మన నుంచి ఏం అడుగుతుందో అది ఇవ్వడమని నేను నమ్ముతాను. 2015 డిసెంబరు 19 ఉదయం సుక్కర్‌టాపెన్ కొండ మీది నుంచి మంచు విరిగిపడి ఇళ్లను నెట్టుకుపోయింది. ఇద్దరు చనిపోయారు, వాళ్లలో ఒక చిన్న పాప. నేను అప్పటికి రాలేదు. కానీ ఆ ఉదయం గురించి మాట్లాడని మనిషి ఇక్కడ లేడు. చీకట్లో, చేతికి దొరికిన పారలు పట్టుకుని పరుగెత్తి తవ్వారు. పాస్‌పోర్టు చూసి ఎవరికీ పార ఇవ్వలేదు. ఆ కొండ కింది ఇళ్లను తర్వాత ఖాళీ చేయించారు. ఇప్పటికీ చలికాలంలో హెచ్చరిక వస్తే ఫలానా వీధివాళ్లు ఇళ్లు వదిలి రావాలంటారు. అప్పుడు వాళ్లను ఎవరింట్లో పడుకోబెట్టాలి, ఎవరికి చిన్న పిల్లలున్నారు అన్నది క్షణాల్లో తేలిపోతుంది. నా గదిలో కూడా అలా కుటుంబాలు తలదాచుకున్నాయి. మరునాడు పొద్దున నా గుమ్మం ముందు మంచు ఎవరో తీసేసి ఉంటారు. ఎవరని అడిగితే చెప్పరు.

మా వంటగదిలో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. నేను అక్క అనే పిలుస్తాను, అర్థం చెప్పాక తను సంతోషించింది. నా మొదటి చలికాలంలో, పొద్దు తెలియక నిద్ర పట్టక పిచ్చెక్కినట్టుండే రోజుల్లో, థాయ్ సరుకుల కొట్టు నుంచి చింతపండు తెచ్చి నా చేతిలో పెట్టి, "మీవాళ్లు దీనితో ఏదో చేసుకుంటారట కదా, చేసుకో" అంది. ఆ రోజు చారు కాచుకుని, తనకూ పోశాను. నేను ఈ ఊళ్లో నిలిచింది ఆ చారు వల్లే అంటే అతిశయోక్తి కాదు. తను ఇక్కడికి వచ్చిన నాటికి మా ముందు వరస పెద్దమనిషి ఈ ఊరి ముఖమైనా చూసి ఉండడు.

అక్క 2019లో స్థానిక మండలి ఎన్నికల్లో ఓటు వేసింది. ఇక్కడ మూడేళ్లు నివసిస్తే అప్పట్లో విదేశీయులకు కూడా ఓటు ఉండేది. 2022లో నార్వే ప్రభుత్వం ఆ నియమాన్ని మార్చింది. నార్వే పౌరులు కానివాళ్లు ప్రధాన భూభాగంలోని ఏదైనా మునిసిపాలిటీలో మూడేళ్లు నివసించి ఉంటేనే ఇప్పుడు ఓటు వేయగలరు, పోటీ చేయగలరు. నేరుగా థాయ్‌లాండ్ నుంచి ఇక్కడికి వచ్చి, ఇక్కడే వయసు కరిగించిన మనిషికి ఆ మూడేళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? 2023 అక్టోబరులో ఎన్నికలు జరిగినప్పుడు నార్వే సహోద్యోగులు ఓటు వేసి రావడానికి వీలుగా అక్క తన షిఫ్టు పొడిగించుకుంది. ఎవరినీ ఏమీ అనలేదు. నాకే మనసు ఒప్పుకోలేదు.

ప్రభుత్వం చెప్పే కారణం నాకు తెలుసు. ఇక్కడ ఖర్చయ్యే డబ్బులో పెద్ద భాగం నార్వే ఖజానా నుంచి వస్తుంది కాబట్టి, పాలించేవాళ్లకు ప్రధాన భూభాగంతో సంబంధం, నార్వే వ్యవస్థ మీద అవగాహన ఉండాలంటారు. చుట్టూ రష్యా లాంటి దేశాల ఆసక్తులున్న ప్రాంతంలో ఒక దేశానికి ఆ జాగ్రత్త అవసరమని నేనూ ఒప్పుకుంటాను. కానీ మండలి తేల్చేది రక్షణ వ్యవహారాలు కాదు. చెత్త, నీళ్లు, బడి, కరెంటు, ఏ వీధిలో మంచు ముందు తీయాలి. వీటిలో ఎవరికి అవగాహన ఎక్కువ? కొత్తగా విమానం దిగి పేరు నమోదు చేసుకున్న ఓస్లో యువకుడికా, ఏటా ఇదే చీకటిలో ఇవే వీధులు నడిచిన అక్కకా?

ఈ మాటలే నాన్నతో అంటే, ఆయనకు యూనియన్ రోజులు గుర్తొచ్చాయి. సింగరేణిలో కార్మికుల తరఫున కంపెనీతో మాట్లాడే గుర్తింపు సంఘం ఎన్నికలు 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో జరుగుతున్నాయి. ఏ జిల్లా నుంచి వచ్చాడు, ఏ భాష మాట్లాడతాడు అని అడగరు, కార్మికుల జాబితాలో పేరుంటే ఓటుంటుంది. "రేపు రిటైరయ్యేవాడు కూడా ఓటేస్తాడు బిడ్డా, ఉన్నన్ని రోజులు బాయి వాడిదే కదా" అన్నాడు నాన్న. మా దగ్గర అన్నీ సవ్యంగా ఉన్నాయని నేను అనను. బాయిలో ప్రాణాలు పోయిన ఇళ్ల పిల్లలతో కలిసి చదువుకున్నదాన్ని. కానీ అక్కడ పనివాడిని పరాయివాడిగా చూడలేదు. ఆ ఒక్క విషయంలో మా బెల్లంపల్లి ఈ ఊరి కంటే పెద్ద మనసుతో నడిచిందని గట్టిగా అంటాను. ఇంటి మీద బెంగతో అంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

నార్వే ప్రధాన భూభాగంలో మూడేళ్లు నివసించిన విదేశీయులకు మునిసిపల్ ఎన్నికల్లో ఓటు ఉంది. ఓస్లోలో కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే మన తెలుగువాళ్లు భారత పౌరులుగా ఉంటూనే అక్కడి నగర పాలక మండలికి ఓటు వేస్తున్నారు. వాళ్లకు వర్తించే కొలత ఇక్కడ కూడా వర్తించాలి, మూడేళ్లు ఇక్కడ ఉన్నవాళ్లకు ఇక్కడ ఓటు. 2022కు ముందు ఉన్నది అదే కాబట్టి కొత్తగా కనిపెట్టవలసింది కూడా ఏమీ లేదు. తర్వాతి స్థానిక ఎన్నికలు 2027లో వస్తాయి. అప్పటికి నేను ఇక్కడ ఉంటానో, మంచిర్యాలలో ఉంటానో చెప్పలేను. అక్క మాత్రం ఇక్కడే ఉంటుంది.