స్విచ్‌కు మతిమరపు

2014 అక్టోబరు 12 అనగానే విశాఖవాసులకు కూలిన చెట్లు, వంగిపోయిన స్తంభాలు, విమానాశ్రయం పైకప్పు గుర్తొస్తాయి. హుద్‌హుద్ పేరు చెబితే నాకు గుర్తొచ్చేది ఒక స్విచ్, అంటే ఆఫీసు కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ పెట్టె.

అప్పటికి నేను గాజువాక దగ్గర ఒక సంస్థలో నెట్‌వర్క్ పనికి కుదిరి ఏడాదిన్నర. తుపాను వెలిసిన నాలుగో రోజున ఎలాగో డీజిల్ సంపాదించి జనరేటర్ నడిపించారు. స్విచ్‌లుండే ర్యాక్‌లో పచ్చ దీపాలన్నీ వెలిగాయి, సర్వర్ లేచింది. అకౌంట్స్ విభాగంలో మాత్రం ఒక్క కంప్యూటర్‌కూ సర్వర్ అందడం లేదు. నీళ్ళు దిగాయేమోనని సీలింగ్ పలకలు విప్పించాను. టెస్టర్ పట్టుకుని కేబుళ్ళన్నీ వరసగా చూశాను. సాయంత్రం మా సీనియర్ గారు వచ్చి, స్విచ్ సెట్టింగులు నేరుగా చూపే కన్సోల్ కేబుల్ తగిలించి రెండు నిమిషాలు తెర చూశారు.

"అకౌంట్స్‌కు వేరే వీల్యాన్ ఎప్పుడు ఇచ్చావు?"

"జూలైలో సార్."

"సేవ్ చేశావా?"

చేయలేదు. వీల్యాన్ అంటే అవే స్విచ్‌ల మీద ఒక విభాగానికి విడిగా ఇచ్చే నెట్‌వర్క్. సిస్కో కంపెనీ స్విచ్‌లో మనం చేసే మార్పు రన్నింగ్ కాన్ఫిగ్‌లోకి, అంటే అప్పుడు నడుస్తున్న సెట్టింగుల్లోకి వెళ్ళి అప్పటికప్పుడే పనిచేస్తుంది. కానీ అది ఉండేది కరెంటు పోతే చెరిగిపోయే ర్యామ్‌లో. కరెంటు పోయి వస్తే స్విచ్ చదువుకునేది స్టార్టప్ కాన్ఫిగ్‌ను, అంటే సేవ్ చేసి ఉంచినదాన్ని. దానికి నా జూలై సంగతి తెలియదు. నన్ను పక్కదారి పట్టించింది మరొకటి. వీల్యాన్ జాబితా విడిగా, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్‌లో ఉంటుంది కాబట్టి అకౌంట్స్ వీల్యాన్ పేరు తెరమీద భద్రంగా కనిపించింది. దాని పోర్టులు మాత్రం మొదట్లో అన్నీ ఉండే ఒకటో వీల్యాన్‌కు తిరిగి వెళ్ళిపోయాయి. మూడు నెలలూ స్విచ్ ఆరిపోకుండా చూసి నా తప్పును యూపీఎస్ దాచిపెట్టిందన్నమాట.

ఆ మతిమరపునే ఇప్పుడు పనికి వాడుకుంటున్నాను. దూరాన ఉన్న స్విచ్‌లో ఏదైనా మార్చే ముందు, ఉన్నది సేవ్ చేసి, పది నిమిషాల్లో తనంతట తాను రీస్టార్ట్ అయ్యేలా 'రీలోడ్ ఇన్ 10' ఇస్తాను. మార్పు బాగుంటే రీలోడ్ రద్దుచేసి, అప్పుడు సేవ్ చేస్తాను. ఒక రాత్రి ఎంవీపీ కాలనీలో ఇంట్లో కూర్చుని పరవాడలోని రౌటర్‌కు యాక్సెస్ లిస్టు (ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో చెప్పే జాబితా) రాస్తూ నన్ను నేనే బయటికి గెంటుకున్నాను. టీ పెట్టుకుని తాగేలోపు అది పాత కాన్ఫిగ్‌తో లేచింది. లేకపోతే ఆ వేళప్పుడు పరవాడ దాకా బండి తీయాల్సి వచ్చేది. జునిపర్ కంపెనీ పరికరాల్లో ఈ సదుపాయం 'కమిట్ కన్ఫర్మ్‌డ్' పేరుతో ముందే ఉంది, అక్కడ రీస్టార్ట్ బాధ కూడా లేదు. ఈ ఒక్క విషయంలో నేను జునిపర్ పక్షం.

దూరం నుంచి పరికరంలోకి వెళ్ళడానికి టెల్నెట్ తీసేసి, అన్నీ రహస్యంగా పంపే ఎస్ఎస్‌హెచ్ పెట్టడం, పరికరాలను గమనించడానికి వాడే ఎస్ఎన్ఎంపీలో పాస్‌వర్డ్ లాంటి 'పబ్లిక్' అనే పాత మాట మార్చడం, పరికరాల గడియారాలన్నీ సమయం సరిచేసే ఎన్‌టీపీతో కలపడం అందరూ చెప్పేవే. చేసేవాళ్ళే తక్కువ. బీచ్ రోడ్డు వైపు ఆఫీసులైతే ర్యాక్‌ను కిటికీకి దూరంగా పెట్టండి. ఉప్పుగాలి కనెక్టర్లను తినేస్తుంది.

ఏటా సెప్టెంబరులో ఒక ఆదివారం ముందుగా చెప్పి స్విచ్‌లన్నీ ఒక్కొక్కటిగా ఆపి, మళ్ళీ వేస్తాను. బాగా నడుస్తున్నవాటిని ఎందుకు కెలుకుతావని పైవాళ్ళ సణుగుడు మామూలే. కిందటిసారి ఒకటి మళ్ళీ వెలగనే లేదు, పవర్ సప్లై పోయింది. సోమవారం పొద్దున్న తొమ్మిదికి ఆఫీసు తెరిచేసరికి దాని స్థానంలో వేరేది నడుస్తోంది.